చలికాలంలో ఫాంటసీ బేస్‌బాల్: ఎవర్ని ఉంచుకోవాలి, ఎవర్ని ఇచ్చేయాలి, ట్రేడ్ ఎలా అడగాలి

వరల్డ్ సిరీస్ అయిపోయిన మర్నాటి నుంచి మార్చి చివర్లో కొత్త సీజన్ మొదలయ్యేదాకా బేస్‌బాల్ అభిమానులకి చూడ్డానికి ఆట ఉండదు, వాదించుకోడానికి మాత్రం బోలెడంత ఉంటుంది. అమెరికాలో ఎడిసన్‌లోనో ఇర్వింగ్‌లోనో ఉంటూ, ఆఫీసులో ఎవరో లాగితే ఫాంటసీ లీగ్‌లో (నిజమైన ఆటగాళ్లని ఎంచుకుని వాళ్ల అంకెలతో పోటీపడే ఆటలో) చేరి, ఒక సీజన్ ఎలాగో నెట్టుకొచ్చి, ఇప్పుడు "నీ కీపర్లు ఎవరు? ఆ పిచర్‌ని ఇస్తావా?" అని మెసేజ్‌లు వస్తుంటే ఏం చెప్పాలో తోచని వాళ్ల కోసం రాస్తున్నా. కీపర్ అంటే వచ్చే సీజన్‌కి మీ టీమ్‌లోనే ఉంచుకునే ఆటగాడు, ట్రేడ్ అంటే ఇద్దరు యజమానులు ఆటగాళ్లని మార్చుకోవడం. ఆట మీకు తెలుసు, ఫాంటసీ స్కోరింగ్ కూడా కాస్త తెలుసు అనుకునే మొదలుపెడుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఈ నాలుగైదు నెలలూ ఏ ఆటగాడు గొప్ప అని వాదించి గెలిచేవాళ్లు లీగ్ గెలవరు. ఎవరు ఎంత ధరకి చేతిలో ఉన్నారు, అవతలి టీమ్‌కి ఏం తక్కువైంది అని చూసేవాళ్లు గెలుస్తారు. కింద చెప్పేదంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే.

ముందు మీ లీగ్ రూల్స్ మళ్లీ చదవండి

బోరు కొట్టే పనే, కానీ పది నిమిషాల్లో అయిపోతుంది. ఎంతమందిని ఉంచుకోవచ్చు, ఉంచుకుంటే ఏం ఖర్చవుతుంది (వంతులవారీగా ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక రౌండా, వేలంలో డాలర్లా), ఒకే ఆటగాణ్ని ఎన్నేళ్లు ఉంచుకోవచ్చు, డ్రాఫ్ట్ పిక్‌లు (ఎంచుకునే వంతులు) ట్రేడ్ చేయొచ్చా, గడువు ఎప్పుడు. ఇవి చూడండి. బ్యాటింగూ పిచింగూ రెండూ చేసే ఓటానీ మీ దగ్గరుంటే ఇంకోటి కూడా చూడాలి: కొన్ని సైట్లలో బ్యాటర్ ఓటానీ, పిచర్ ఓటానీ ఇద్దరు వేర్వేరు ఆటగాళ్లు, కొన్నిట్లో ఒక్కడే. దీనివల్ల ఆయన విలువ ఎంత మారిపోతుందో చెప్పక్కర్లేదు.

ధర లెక్క వేయండి, ఇదే అసలు పని

ఐపీఎల్ వేలానికి ముందు రిటెన్షన్ ఉంటుంది చూశారా, కీపర్ అంటే దాదాపు అదే. ఉంచుకున్నవాడు ఊరికే రాడు, మీ పర్సులోంచి కొంత కోసేస్తారు. కాబట్టి ప్రతి ఆటగాడి పక్కనా రెండు అంకెలు రాసుకోండి: ఉంచుకుంటే అయ్యే ఖర్చు, బయట మార్కెట్లో వాడికి పలికే ధర. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే వచ్చేదే మీ లాభం. కీపర్ లిస్టు ఆ లాభం ప్రకారం తయారవ్వాలి, పేర్ల ప్రకారం కాదు.

ఉదాహరణకి క్యాచర్ కాల్ రాలీ. 2024లో 34 హోమ్ రన్లు కొట్టాడు, 2025లో 60 కొట్టాడు. 2025 డ్రాఫ్ట్‌లో మీ లీగ్‌లో ఒకడు ఆయన్ని తొమ్మిదో రౌండ్‌లో తీసుకున్నాడనుకుందాం, మీ రూల్ ప్రకారం ఉంచుకుంటే ఒక రౌండ్ ముందుకి జరిగి ఎనిమిదో రౌండ్ ఖర్చవుతుందనుకుందాం. వచ్చే ఏడాది 60 కొట్టడు, 40 దగ్గర ఆగుతాడు అనుకున్నా సరే, ఎనిమిదో రౌండ్‌కి అలాంటి క్యాచర్ బంగారం. అదే ఫాంటసీ జట్టులో స్టార్ బ్యాటర్ ఆరన్ జడ్జ్ మొదటి రౌండ్ ధరకి ఉంటే, ఆయన ఎంత గొప్పవాడైనా లాభం లెక్కలో రాలీ కంటే వెనకే. "జడ్జ్‌ని వదిలేస్తావా, పిచ్చా?" అని అడుగుతారు. వదలమని కాదు, ముందు లెక్క చూడమని.

వేలం లీగ్ అయితే ఇంకో సంగతి ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. 1980లో న్యూయార్క్‌లో డేనియల్ ఓక్రెంట్, ఆయన మిత్రులు మొదలుపెట్టిన రోటిసరీ అనే ఫాంటసీ పద్ధతి నుంచి వచ్చిన అలవాటు ప్రకారం ఇప్పటికీ చాలా లీగ్‌ల్లో టీమ్‌కి 260 డాలర్లు, 23 మంది ఆటగాళ్లు. పన్నెండు టీమ్‌లుంటే మొత్తం 3,120 డాలర్లు. అందరూ కలిసి ఉంచుకున్న కీపర్ల ఖర్చు 600 డాలర్లు, వాళ్ల అసలు విలువ 1,000 డాలర్లు అనుకోండి. అప్పుడు వేలంలో మిగిలే డబ్బు 2,520, దానికి దొరికే సరుకు విలువ 2,120. అంటే ప్రతిదాని ధరా దాదాపు 19 శాతం పెరుగుతుంది, మామూలుగా 40 డాలర్లు చేసేవాడు 47, 48కి పోతాడు. కాబట్టి 45 డాలర్ల విలువైన స్టార్ మీ దగ్గర 44కి ఉంటే "లాభం ఒక్క డాలరే కదా" అని వదిలేయకండి, వేలంలో అతనికి 53 దాకా పెట్టాల్సి వస్తుంది. మీ లీగ్‌లో చవకగా దొరికిన కీపర్లు ఎంత ఎక్కువుంటే ఈ పెరుగుదల అంత ఎక్కువ, అందుకే మిగతా టీమ్‌ల కీపర్లని కూడా అంచనా వేసి ఒకసారి ఈ లెక్క కట్టండి. స్ప్రెడ్‌షీట్‌లో అరగంట పని, మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి అది చెప్పాలా!

పోయినేడాది అంకెల్లో ఎంత నిజం, ఎంత అదృష్టం

ధర తెలిసింది, ఇక విలువ. చలికాలంలో జనం చేసే తప్పు ఏంటంటే పోయిన సీజన్ అంకెల్నే వచ్చే సీజన్ అంకెలు అనుకోవడం.

కోడీ బెలింజర్ సంగతి చూడండి. 2023లో షికాగో కబ్స్‌కి .307 యావరేజ్ కొట్టాడు (అంటే వెయ్యి ప్రయత్నాలకి 307 హిట్ల లెక్కన), 26 హోమ్ రన్లు, 97 ఆర్‌బీఐ (తన బ్యాటింగ్‌తో రప్పించిన పరుగులు). ఆ చలికాలమంతా "పాత బెలింజర్ తిరిగొచ్చాడు" అని ఒక వర్గం, "బంతి అంత గట్టిగా తగలట్లేదు, ఈ యావరేజ్ నిలవదు" అని ఇంకో వర్గం వాదించుకున్నాయి. 2024లో .266, 18 హోమ్ రన్లు. చెడ్డ సీజన్ కాదు, కానీ 2023 ధర పెట్టి కొన్నవాడికి నష్టమే. అందుకని బ్యాటర్ యావరేజ్ ఒక్కసారిగా పెరిగితే బంతి బ్యాట్ నుంచి ఎంత వేగంతో పోతోందో కూడా చూడండి. మైదానంలో పడిన బంతుల మీద యావరేజ్ లీగ్ మొత్తానికి .300 దగ్గరే ఉంటుంది, ఎప్పుడూ అంత ఎత్తులో లేనివాడు ఉన్నట్టుండి .350 చూపిస్తుంటే అనుమానించండి.

పిచర్ల విజయాలైతే నమ్మనే వద్దు. పాల్ స్కీన్స్ 2025లో 1.97 ఈఆర్‌ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు, తక్కువైతే మంచిది) నేషనల్ లీగ్ సై యంగ్ (ఉత్తమ పిచర్ అవార్డు) గెలిచాడు, గెలుపోటముల రికార్డు మాత్రం 10-10. పిట్స్‌బర్గ్ బ్యాటర్లు పరుగులు ఇవ్వకపోతే ఆయనేం చేస్తాడు. మీ లీగ్‌లో ఎవడైనా "పది గెలుపులే కదా" అని స్కీన్స్‌ని తక్కువకి ఇస్తానంటే ఇంకో మాట మాట్లాడకుండా ఒప్పేసుకోండి.

స్టీల్స్ (పరిగెత్తి దొంగిలించే బేస్‌లు) విషయంలో లీగ్ మొత్తమే మారింది. 2023లో బేస్‌ల సైజు 15 అంగుళాల నుంచి 18కి పెంచి, పిచర్ పిక్‌ఆఫ్ ప్రయత్నాలకి (బేస్ మీదున్నవాణ్ని ఔట్ చేయడానికి అటు విసిరే బంతులకి) హద్దు పెట్టాక, 2022లో 2,486 ఉన్న స్టీల్స్ ఒక్క ఏడాదిలో 3,503 అయ్యాయి. ఇరవై స్టీల్స్ చేసేవాడు ఇదివరకు అపురూపం, ఇప్పుడు కాదు. పాత లెక్కలతో ఎక్కువ ధర అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల దగ్గర కొనకండి, వీలైతే వాళ్లకి అమ్మండి.

ఇక గాయాలు. బ్యాటర్ అకూన్యా 2023లో 41 హోమ్ రన్లు, 73 స్టీల్స్ చేసి ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. 2024 మే నెలలో మోకాలి లిగమెంట్ తెగింది. 2025లో తిరిగొచ్చి 21 హోమ్ రన్లు కొట్టాడు, స్టీల్స్ మాత్రం పదికి కూడా చేరలేదు. అంటే గాయం తర్వాత బలం తిరిగి రావడం ఒకటి, కాళ్లు తిరిగి రావడం ఇంకొకటి. మోకాలు దెబ్బతిన్నవాడికి స్టీల్స్ విలువ కట్టి కొనకండి. మోచేతి సర్జరీ అయిన పిచర్ విషయంలో కూడా ఇదే జాగ్రత్త: స్పెన్సర్ స్ట్రైడర్ 2023లో 281 స్ట్రైక్ఔట్లు తీశాడు, 2024 ఏప్రిల్లో సర్జరీ, 2025లో వచ్చాడు కానీ బంతిలో మునుపటి వేగం లేదు. "వచ్చే నెలలో బౌలింగ్ మొదలుపెడతాడట" అన్న వార్త చూసి ధర పెంచేవాళ్లకి ముందే అమ్మేయడం మంచిది. (పిచింగ్‌ని బౌలింగ్ అనడం మన గ్రూపుల్లో ఎప్పటికీ పోదనుకుంటా.)

అసలు టీమ్‌ల నిర్ణయాలు మీ టీమ్‌ని ఎలా మారుస్తాయి

నవంబర్, డిసెంబర్లలో వార్తలు చూడాల్సింది ఇందుకే. నవంబర్లో ప్రతి టీమ్ 40 మంది లిస్టు తేల్చుకుంటుంది, ఆ లిస్టులో చోటివ్వని కొందరు ప్రాస్పెక్ట్‌లని (ఇంకా మేజర్ లీగ్‌కి రాని కుర్రాళ్లని) డిసెంబర్లో రూల్ 5 డ్రాఫ్ట్‌లో వేరే టీమ్ ఎత్తుకుపోవచ్చు. జీతం ఇవ్వడం ఇష్టంలేని వాళ్లని నవంబర్లోనే వదిలేస్తారు. డిసెంబర్ మొదట్లో వింటర్ మీటింగ్స్ (అన్ని టీమ్‌ల వార్షిక సమావేశాలు), పెద్ద ట్రేడ్‌లు చాలా వరకు ఆ చుట్టుపక్కలే. ఫిబ్రవరి మధ్యలో పిచర్లు, క్యాచర్లు అరిజోనా, ఫ్లోరిడాల్లోని స్ప్రింగ్ ట్రైనింగ్ క్యాంపులకి చేరతారు.

ఆటగాడు ఊరు మారితే ముందు మైదానం చూడండి. డెన్వర్‌లో కూర్స్ ఫీల్డ్ సముద్రమట్టానికి దాదాపు 5,200 అడుగుల ఎత్తులో ఉంటుంది, బంతి దూరం పోతుంది, పైగా ఔట్‌ఫీల్డ్ పెద్దది కాబట్టి మామూలు హిట్లు కూడా ఎక్కువ పడతాయి. నోలన్ అరెనాడో అక్కడ 2019లో .315 కొట్టాడు, 41 హోమ్ రన్లు. 2021 ఫిబ్రవరిలో సెయింట్ లూయిస్‌కి ట్రేడ్ అయ్యాడు, ఆ ఏడాది .255, కానీ హోమ్ రన్లు 34. గమనించండి, యావరేజ్ బాగా పడింది, పవర్ అంతగా పడలేదు. డెన్వర్ వదిలివచ్చే ప్రతివాడూ పనికిరానివాడు అని అందరూ భయపడుతున్నప్పుడు, యావరేజ్ అవసరం లేని టీమ్ మీదైతే, కొనాల్సింది అప్పుడే. అథ్లెటిక్స్ 2025లో ఓక్‌లాండ్ నుంచి శాక్రమెంటోలోని చిన్న మైదానానికి మారాక కూడా ఇలాగే బ్యాటర్ల లెక్కలన్నీ మళ్లీ వేసుకోవాల్సి వచ్చింది.

క్లోజర్ల (మ్యాచ్ చివర్లో ఆధిక్యాన్ని కాపాడే పిచర్లు, అలా కాపాడితే ఒక సేవ్) గురించి చెప్పాలంటే... వీళ్లని నమ్ముకుని చలికాలంలో ఎక్కువ ధర పెట్టకండి. డెవిన్ విలియమ్స్ 2024 డిసెంబర్లో మిల్వాకీ నుంచి యాంకీస్‌కి ట్రేడ్ అయినప్పుడు అందరూ సేవ్‌లే సేవ్‌లు అనుకున్నారు. ఏప్రిల్ అయ్యేలోపే ఆ పని ల్యూక్ వీవర్ చేతికి పోయింది. అటు మిల్వాకీలో ఖాళీ అయిన చోట ట్రెవర్ మెగిల్ నిలబడ్డాడు. పెద్ద క్లోజర్ ట్రేడ్ అయిన రోజు జనం వాడు వెళ్లిన చోటు చూస్తారు. మీరు వదిలివెళ్లిన చోటు చూడండి, అక్కడ తర్వాతివాడు చవకగా దొరుకుతాడు.

సంతకం ఆలస్యంగా పెట్టే ఫ్రీ ఏజెంట్లతో (ఏ టీమ్‌తోనూ ఒప్పందం లేనివాళ్లతో) కూడా జాగ్రత్త. బ్లేక్ స్నెల్ 2023లో సై యంగ్ గెలిచి కూడా 2024 మార్చిలో గాని జెయింట్స్‌తో ఒప్పందం చేసుకోలేదు. క్యాంప్ దాదాపు పోయింది, మొదట్లో చితకబాదించుకున్నాడు, గాయాల లిస్టుకి రెండుసార్లు వెళ్లాడు, ఆగస్టు 2న మాత్రం నో-హిటర్ (ఒక్క హిట్టూ ఇవ్వని మ్యాచ్) వేశాడు. ఆయన కంటే ఆలస్యంగా సంతకం పెట్టిన జోర్డన్ మోంట్‌గోమరీ ఆ ఏడాది ఈఆర్‌ఏ 6.23. అందుకని మార్చి వచ్చినా టీమ్ లేని పిచర్‌ని కీపర్‌గా పెట్టుకోవడం కంటే, మే నెలలో వాడి ఫాంటసీ యజమాని విసిగిపోయాక అడగడం నయం.

ప్రాస్పెక్ట్‌లకి వస్తే, ఆట ఎంత బాగున్నా టీమ్ లెక్కలు వేరే ఉంటాయి. మేజర్ లీగ్ రోస్టర్‌లో 172 రోజులుంటే ఒక ఏడాది సర్వీస్ లెక్క, ఆరేళ్లు నిండితే ఫ్రీ ఏజెంట్. 2015లో క్రిస్ బ్రయంట్ స్ప్రింగ్ ట్రైనింగ్‌లో తొమ్మిది హోమ్ రన్లు కొట్టినా కబ్స్ ఆయన్ని కిందికి, అంటే మైనర్ లీగ్‌కి పంపి ఏప్రిల్ 17న పిలిచారు, ఆ ఏడాది ఆయనకి సరిగ్గా 171 రోజులే వచ్చాయి, అంటే ఫ్రీ ఏజెంట్ కావడం ఏడాది వెనక్కి. 2022లో లీగ్‌కీ ఆటగాళ్ల యూనియన్‌కీ కుదిరిన ఒప్పందం తర్వాత మొదటి రోజు నుంచే ఆడిస్తే టీమ్‌కి అదనపు డ్రాఫ్ట్ పిక్ వచ్చే అవకాశం పెట్టారు కాబట్టి ఇప్పుడు కొంత మారింది, అయినా పూర్తిగా పోలేదు. పైగా వచ్చినవాడు ఆడతాడని గ్యారంటీ ఏముంది? జాక్సన్ హాలిడే బేస్‌బాల్ మొత్తంలో నంబర్ వన్ ప్రాస్పెక్ట్‌గా 2024 ఏప్రిల్లో వచ్చి, 34 సార్లు బ్యాటింగ్ చేసి రెండే హిట్లు కొట్టి వెనక్కి వెళ్లాడు. ప్రాస్పెక్ట్ పేరు గట్టిగా వినిపించేది చలికాలంలోనే, అమ్ముకోడానికి అదే సీజన్. ఇది నా పక్షపాతం, ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉన్నారు.

ట్రేడ్ అడగడం

ముందు అవతలి టీమ్ తెరిచి చూడండి. పోయినేడాది ఏ స్కోరింగ్ కేటగిరీలో కింద ఉన్నాడు, ఏ పొజిషన్‌లో ఇద్దరేసి ఉన్నారు, కీపర్ చోట్లు అయిదే ఉంటే పనికొచ్చేవాళ్లు ఏడుగురున్నారా. ఆ చివరిదే మీకు దారి. మిగిలిపోయే ఇద్దర్ని వాడు ఎలాగూ డ్రాఫ్ట్‌కి వదిలేయాల్సిందే, ఊరికే పోయేదానికి ఏదో ఒకటి వస్తుందంటే వింటాడు. ఇద్దరు మంచి కీపర్లు ఇచ్చి ఒక గొప్ప కీపర్‌ని తెచ్చుకునే ట్రేడ్ మీ దగ్గర ఎక్కువమంది ఉన్నప్పుడు చేయాలి. మీ దగ్గరే ఖాళీ ఉంటే దానికి తిరగేసి చేయాలి.

మెసేజ్ సూటిగా ఉండాలి. "ట్రేడ్ ఏమన్నా చేద్దామా?" అని పెడితే ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే ఆలోచించే పని అవతలివాడి నెత్తిన పెట్టారు. ఇలా పెట్టి చూడండి:

"అన్నా, నీకు షార్ట్‌స్టాప్‌లు ముగ్గురున్నారు, ఉంచుకోగలిగేది ఇద్దర్నే కదా. నాకు ఒకరు కావాలి. నా దగ్గర పన్నెండో రౌండ్ పిచర్ ఉన్నాడు, పోయినేడాది నీకు స్ట్రైక్ఔట్లు తక్కువయ్యాయి. చూసి చెప్పు, తొందరేం లేదు."

వాడి అవసరం ముందు, మీది తర్వాత. "నీ వాడు ఈ ఏడాది పడిపోతాడు, నాకిచ్చేయ్" అని ఆటగాణ్ని కించపరచకండి, పడిపోయేవాడైతే మీకెందుకు అని వెంటనే అడుగుతారు, వాళ్లేం తక్కువ తినలేదు. స్నేహితుడైతే "ఏరా మామా, దోచుకుంటున్నావా?" అంటాడు. నవ్వేసి, "సరే, నీకేం కావాలో నువ్వే చెప్పు" అనండి. ఆ జవాబే మీకు కావాల్సిన సమాచారం. ఆఫీసు లీగ్‌లో మేనేజరుతో చేసే ట్రేడ్‌లో మొహమాటపడి తగ్గించి ఇవ్వడం కూడా చూశాను, అలాంటి భయముంటే ఆయనతో ట్రేడే చేయకండి, పోయేదేం లేదు.

మొదటి ఆఫర్ మరీ తక్కువ పెట్టకండి. జీరో ఆఫర్ పంపితే వాడు గ్రూపులో స్క్రీన్‌షాట్ పెడతాడు, పోయిన మీ పరువు మార్చి దాకా తిరిగి రాదు. మీకు న్యాయం అనిపించేదానికి కొంచెం తక్కువలో మొదలుపెట్టి, ఒక డ్రాఫ్ట్ పిక్ చేతిలో ఉంచుకుని, చివర్లో అది కలిపి ముగించండి. కాదంటే వదిలేయండి. అదే ఆఫర్ నాలుగుసార్లు పంపడం అంత చిరాకు ఇంకోటి లేదు.

వీటో (కుదిరిన ట్రేడ్‌ని రద్దు చేయడం) మీద గొడవలు ప్రతి లీగ్‌లోనూ వస్తాయి. నా లెక్కలో వీటో కుమ్మక్కుకి మాత్రమే, తెలివితక్కువ ట్రేడ్‌కి కాదు. బావమరిది టీమ్‌కి స్టార్‌ని అప్పనంగా ఇచ్చేసి, సీజన్ చివర్లో తిరిగి తీసుకునే ఒప్పందం ఉందని తెలిస్తే లీగ్ నడిపే కమిషనర్ ఆపాలి. ఒకడు మోసపోయాడని మనకనిపిస్తే మాత్రం అది వాడి టీమ్. ఈ రూల్ చలికాలంలోనే, ఎవరి ట్రేడూ మధ్యలో లేనప్పుడు, కమిషనర్ చేత గ్రూపులో రాయించండి.

మార్చి

స్ప్రింగ్ ట్రైనింగ్ అంకెలు చూసి మనసు మార్చుకోకండి. అవతల బంతి వేసేది జూన్‌లో మైనర్ లీగ్‌లో ఉండబోయేవాడు కావచ్చు. పనికొచ్చేవి రెండే: పిచర్ వేగం పెరిగిందా తగ్గిందా, ఎవరికి ఏ చోటు దక్కింది. రెండోదానికి ఒక చిట్కా ఉంది. మైనర్స్‌కి పంపే ఆప్షన్లు (టీమ్‌కి ఉండే పరిమిత అవకాశాలు) అయిపోయిన ఆటగాణ్ని టీమ్ కిందికి పంపాలంటే వేవర్స్ మీద పెట్టాలి, వేరేవాళ్లు ఎత్తుకుపోవచ్చు. అందుకే ఇద్దరు సమానంగా ఉంటే 26 మంది రోస్టర్‌లో చోటు ఎక్కువగా ఆప్షన్లు లేనివాడికే దక్కుతుంది.

వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ (దేశాల మధ్య టోర్నీ) ఉన్న ఏడాదైతే కీపర్ గడువు దాని తర్వాత ఉండేలా చూడమని కమిషనర్‌ని అడగండి. 2023లో ఎడ్విన్ డియాజ్ ప్యూర్టోరికో గెలిచాక సంబరాల్లో మోకాలు దెబ్బతీసుకుని సీజన్ మొత్తం పోగొట్టుకున్నాడు, అదే టోర్నీలో అల్టువేకి బొటనవేలు విరిగింది.

గడువు రోజు కీపర్లని సైట్లో లాక్ చేశాక పేజీ మళ్లీ తెరిచి సరిచూసుకోండి, ట్రేడ్ అయిన పిక్‌లు సరైన టీమ్ కిందే ఉన్నాయా అని కూడా. ఇండియా నుంచి ఆడేవాళ్లు డ్రాఫ్ట్ టైమ్ ముందే అడగండి, మార్చిలో అమెరికా గడియారాలు గంట ముందుకి జరుగుతాయి, తూర్పు తీరంలో రాత్రి ఎనిమిదంటే మనకి మర్నాడు పొద్దున్న అయిదున్నర. లేవలేమనుకుంటే ఆటో-డ్రాఫ్ట్ లిస్టు మీరే వరసగా పెట్టుకోండి, సైట్ ఇచ్చిన వరస వాడితే అది మీ కీపర్లని చూడకుండా మూడో క్యాచర్‌ని కూడా తెచ్చిపెడుతుంది. లిస్టు వేసేటప్పుడు మిగతా టీమ్‌లు ఆఖరి నిమిషంలో వదిలేసిన వాళ్ల పేర్లు పైకి లాగండి. ఫిబ్రవరిలో మీరు ట్రేడ్ అడిగితే ఇవ్వనన్నవాళ్లు ఒకరిద్దరు అందులో కచ్చితంగా కనిపిస్తారు.